ఇంజా త్సే (ఐలాండ్ పీక్)

ఇంజా త్సే తూర్పు నేపాల్‌లోని హిమాలయ పర్వతశ్రేణికి చెందిన ఒక శిఖరం. ఇది ఐలాండ్ పీక్ అనే పేరుతో ఎక్కువ ప్రసిద్ధి పొందినది. సోలుఖుంబు జిల్లాలో, సాగరమాత జాతీయ ఉద్యానవనం పరిధిలో ఉన్నది. దీని ఎత్తు 6,189 మీటర్లుగా ప్రచారంలో ఉన్నది. కొన్ని పటాలలో 6,160 మీటర్లుగా చూపబడినది. నేపాల్‌లో "ట్రెక్కింగ్ శిఖరాలు"గా వర్గీకరించిన పర్వతాలలో ఇది ఒకటి.

పేరు

డింగ్బోచే గ్రామం వైపు నుండి చూస్తే ఈ శిఖరం మంచు సముద్రం మధ్య నిలిచిన ద్వీపంలా కనిపిస్తుంది. అందువలన 1950ల ఆరంభంలో ఇక్కడికి వచ్చిన బ్రిటిషు పర్వతారోహకులు దీనిని ఐలాండ్ పీక్, అనగా ద్వీప శిఖరం, అన్నారు. 1983లో ఇంజా త్సే అని పేరు మార్చినా పాత పేరు వాడుకలో నిలిచిపోయినది. నిజానికి ఇది విడిగా నిలిచిన పర్వతం కాదు. ప్రపంచంలో నాలుగవ ఎత్తయిన లోత్సే (8,516 మీటర్లు) పర్వత సముదాయంలోని లోత్సే షార్ నుండి దక్షిణంగా దిగివచ్చే గట్టుకు ఇది కొనసాగింపు.

ఆరోహణ చరిత్ర

1953లో ఎవరెస్టు ఆరోహణకు వచ్చిన బ్రిటిషు బృందం, ఎత్తయిన ప్రదేశపు పలుచని గాలికి అలవాటు పడటానికి పరిసర శిఖరాలపై సాధన చేసినది. ఆ సాధనలో భాగంగా ఛార్లెస్ ఎవాన్స్, ఆల్ఫ్రెడ్ గ్రెగరీ, ఛార్లెస్ వైలీ, టెన్సింగ్ నార్గేలు మరి ఏడుగురు షెర్పాలతో కలిసి ఇంజా త్సే నైరుతి శిఖరాన్ని ఎక్కారు. అదే సంవత్సరం మే 29న టెన్సింగ్, ఎడ్మండ్ హిల్లరీలు ఎవరెస్టును అధిరోహించారు.

ప్రధాన శిఖరాన్ని 1956లో స్విస్ బృందానికి చెందిన హాన్స్ రుడాల్ఫ్ ఫాన్ గుంటెన్, ఇద్దరు షెర్పాలతో కలిసి మొదటిసారి చేరాడు. ఆ బృందమే అదే సంవత్సరం లోత్సేను తొలిసారిగా, ఎవరెస్టును రెండవసారి అధిరోహించినది. ఫాన్ గుంటెన్ పేరు పర్వతారోహణ చరిత్రలో నిలిచినది. ఆయనతో సమానంగా శిఖరం చేరిన మిగిలిన ఇద్దరిని మాత్రం ఆరోహణ వివరాలలో "ఇద్దరు షెర్పాలు" అని మాత్రమే పేర్కొంటారు.

ట్రెక్కింగ్ శిఖరం అంటే

ఈ మాటను బట్టి ఇది నడిచి ఎక్కగల కొండ అని పలువురు పొరబడతారు. నిజానికి ఇది అనుమతుల విధానానికి సంబంధించిన వర్గీకరణ మాత్రమే. 1978లో 18 శిఖరాలను, 2002లో మరి 15 శిఖరాలను ఈ వర్గంలో చేర్చారు. వీటికి అనుమతిని నేపాల్ పర్వతారోహణ సంఘం సులభమైన పద్ధతిలో, తక్కువ రుసుముతో ఇచ్చేది. ఎక్కడం ఎంత కష్టమో ఆ పేరు తెలుపదు.

మార్గం

లుక్లా నుండి నామ్చే బజారు, డింగ్బోచే, ఛుకుంగ్‌ల మీదుగా సుమారు 5,087 మీటర్ల ఎత్తున గల బేస్ క్యాంపును చేరుకుంటారు. అక్కడి నుండి రాతి వాలు ఎక్కిన తరువాత లోతైన పగుళ్ళు గల హిమానీనదం వస్తుంది. దానిని దాటాక నిటారైన మంచు గోడను తాళ్ళ సాయంతో ఎక్కి, ఇరుకైన మంచు గట్టు మీదుగా శిఖరాన్ని చేరాలి. బూట్లకు బిగించే ఉక్కు ముళ్ళు (క్రాంపాన్లు), మంచు గొడ్డలి వాడటం తెలిసి ఉండాలి. ఈ ఎత్తున గాలి పీడనం సముద్ర మట్టంలో ఉన్నదానిలో సుమారు సగమే. త్వరపడి పైకి పోయినవారికి ఊపిరితిత్తులలో లేదా మెదడులో నీరు చేరి ప్రాణాపాయం కలుగవచ్చు. ఏప్రిల్-మే, అక్టోబరు-నవంబరు నెలలు ఆరోహణకు అనుకూలమైనవి.

ఇంజా సరస్సు

శిఖరానికి దక్షిణాన, హిమానీనదం కరగడం వలన ఇంజా సరస్సు ఏర్పడినది. 1950లలో ఇక్కడ చిన్న చిన్న నీటి మడుగులు మాత్రమే ఉండేవి. అవి క్రమంగా కలిసిపోయి పెద్ద సరస్సుగా మారాయి. గట్టు తెగితే దిగువ గ్రామాలకు వరద ముప్పు ఉన్నందున, 2016లో కాలువ త్రవ్వి నీటిమట్టాన్ని 3 మీటర్లకు పైగా తగ్గించారు. టెన్సింగ్ బృందం 1953లో ఇక్కడ సాధన చేసిననాటికి ఈ సరస్సు లేదు.