బండ బరువెంత? పళ్లెన్ని?

జనవరిలో జరిగే ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరలో తేరు ఎంత ముఖ్యమో, పడమటి కర్నూలు రైతుకు ఎద్దుల సంత, బండలాగుడు పోటీలు అంతే ముఖ్యం. ఆదోని చుట్టుపక్కల పల్లెల్లో కూడా జాతరకో ఉగాదికో రాతిదూలం లాగించడం మామూలే. చూడటానికి తేలికైన ఆట. కాడికి కట్టిన ఒంగోలు జాతి గిత్తల జత, వెనక గొలుసుతో బిగించిన బండ, పక్కన గడియారం పట్టుకున్న మనిషి. ఇచ్చిన సమయంలో ఎక్కువ దూరం లాగిన జతదే మొదటి బహుమతి. ఇంత తేలికైన ఆటలో ‘మాకు అన్యాయం జరిగింది’ అన్న మాట ఎందుకు వినిపిస్తుందో తెలియాలంటే కాస్త అంకెల్లోకి దిగాలి.

20 నిమిషాల పోటీలో ఒక జత 3,000 అడుగులు లాగిందనుకుందాం. 20 నిమిషాలంటే 1,200 సెకన్లు. అంటే సెకనుకు రెండున్నర అడుగులు. ఈల వేసేది ఒకరు, గడియారం నొక్కేది ఇంకొకరు అయితే ఎవరి దురుద్దేశం లేకుండానే 4 సెకన్ల తేడా రావచ్చు. 4 సెకన్లంటే 10 అడుగులు. మొదటి రెండు జతల మధ్య తేడా అంతకన్నా తక్కువుంటే ఓడినవాళ్లు ఊరుకోరు. ఊరుకోవాల్సిన అవసరం కూడా లేదు.

గీత దగ్గర తగాదా ఇంతకన్నా పెద్దది. బాట పొడవు 250 అడుగులైతే 3,000 అడుగులకు 12 సార్లు లాగాలి, మధ్యలో 11 మలుపులు. బండ ముందు అంచు గీతను తాకితే చాలా, బండ మొత్తం గీత దాటాలా? బండ పొడవు 6 అడుగులు ఉంటే మలుపుకు 6 అడుగుల చొప్పున 11 మలుపులకు కనీసం 66 అడుగుల తేడా. అన్ని జతలకూ ఒకే నియమం పాటిస్తే బాధ లేదు. ఒక జతకు ఒకలా, ఇంకో జతకు ఇంకోలా చూస్తే ఆ 66 అడుగులే బహుమతి ఎవరిదో తేలుస్తాయి.

అసలు గొడవ మాత్రం గిత్తలు బరిలోకి దిగకముందే మొదలవుతుంది, నోటి దగ్గర. పోటీలను పళ్లను బట్టి విడదీస్తారు: పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆ పైన సీనియర్లు. పశువుకు పైదవడ ముందు భాగంలో పళ్లుండవు. కింది దవడకు ముందు 8 పళ్లుంటాయి. దూడప్పటి పాలపళ్లు నడిమి నుంచి జతలు జతలుగా రాలి, వాటి చోట వెడల్పాటి పళ్లు వస్తాయి. మొదటి జత సుమారు రెండేళ్లకు, రెండో జత రెండున్నర నుంచి మూడేళ్లకు, మూడోది మూడు, మూడున్నరకు, చివరిది నాలుగైదేళ్లకు. మేతను బట్టి, జాతిని బట్టి కొన్ని నెలలు అటూ ఇటూ అవుతాయి. నాలుగు పళ్ల గిత్తకూ ఆరు పళ్ల గిత్తకూ మధ్య ఆరు నెలల వయసే ఉండొచ్చు. కానీ ఎదిగే పశువుకు ఆ ఆరు నెలల్లో పట్టే కండ, వచ్చే బలం చిన్నవి కావు.

ఇక్కడ ఒక చిక్కుంది. పన్ను ఒక్కరోజులో రాదు. పాలపన్ను ఊడి, కొత్త పన్ను చిగురు చీల్చుకుని, పక్క పన్ను ఎత్తుకు రావడానికి రోజులు పడతాయి. చిగురులో తెల్లగా కనబడినా ‘పన్ను పడింది’ అంటారు ఒకరు. ‘ఇంకా పూర్తిగా దిగలేదు, లెక్కలోకి రాదు’ అంటారు ఇంకొకరు. పేరు నమోదు చేసుకున్న నాటికి నాలుగు పళ్లున్న గిత్తకు పోటీ నాటికి అయిదోది కనిపిస్తే ఏం చేయాలి? ఇద్దరూ నిజమే చెబుతున్నారు, నియమమే మౌనంగా ఉంది. ఇలాంటి తగాదాలో మోసం అన్న మాట తొందరపడి వాడకూడదని నా అభిప్రాయం. పశువైద్యుడు పోటీకి ముందు అందరి ఎదుటా నోరు తెరిచి చూసి, ఎన్ని పళ్లు ఎంత దిగాయో రాసి సంతకం పెడితే సగం రగడ అక్కడే ఆగుతుంది.

ఇక బరువు. కాటా గురించి ఆదోని రైతుకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. 2024-25లో పొడవు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాకు 7,521 రూపాయలు. ఆ ధరకు అమ్మినప్పుడు క్వింటాకు కిలో తూకం తగ్గితే 75 రూపాయలు పోయినట్టే. అంత పట్టింపుగా కాటా ముల్లు చూసే మనిషి బండ బరువు దగ్గర మాత్రం నోటి మాట నమ్మాలా?

బరువు లెక్క ఎంత కఠినంగా ఉంటుందో సముద్రం మీది పోటీ ఒకటి చెబుతుంది. 2005 నవంబరు 30న లా గోమేరా దీవి నుంచి తెడ్ల పడవలు అట్లాంటిక్ దాటడానికి బయలుదేరాయి. ఒలింపిక్ స్వర్ణ విజేత జేమ్స్ క్రాక్‌నెల్, టీవీ వ్యాఖ్యాత బెన్ ఫోగ్ల్ 49 రోజుల 19 గంటలు తెడ్లు వేసి, ఇద్దరు మనుషుల పడవల్లో అందరికన్నా ముందు ఆంటిగ్వా చేరారు. అయినా వాళ్లకు దక్కింది రెండో స్థానమే. పడవ నిలకడ కోసం అడుగున బరువుగా పెట్టిన నీటిలో కొంత వాడుకున్నారన్నది కారణం. ఆ నీరు తగ్గితే పడవ తేలికవుతుంది. దాహం ఎంత నిజమైనా అందరూ మోసిన బరువు వాళ్లూ మోయాల్సిందేనన్నది నియమం. నియమం పోటీకి ముందే అందరికీ తెలిసి ఉంటేనే ఇలాంటి తీర్పు నిలబడుతుంది.

పక్కనే ఉన్న కర్ణాటకలో ఇంకో పాఠం ఉంది. 2020 ఫిబ్రవరిలో కంబళ పోటీలో శ్రీనివాస గౌడ దున్నలతో కలిసి 142.5 మీటర్లు 13.62 సెకన్లలో పరిగెత్తాడన్నారు. దాన్ని 100 మీటర్లకు భాగించి 9.55 సెకన్లని, పరుగుల వీరుడు ఉసేన్ బోల్ట్ 9.58ని దాటాడని దేశమంతా చెప్పుకుంది. కానీ 100 మీటర్ల పరుగు విడిగా ఎవరూ కొలవలేదు. కాగితం మీద వేసిన సగటు అది. పైగా లాగే దున్నల ఊపు ఉంది. 2022లో ఆ రికార్డే నకిలీదంటూ ఫిర్యాదు వచ్చింది. కొలిచిన అంకె ఏది, లెక్కగట్టిన అంకె ఏది అన్నది మొదటి రోజే చెప్పి ఉంటే ఆ కుర్రాడి కష్టం మీద ఇంత నీడ పడేది కాదు.

మోసపోయినా ఫిర్యాదు చేయలేనిది బరిలో ఒకటే, గిత్త. 1965 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం పశువును తోలడానికి మేకున్న కర్ర వాడటం నిషేధం. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం మొదటిసారి హింసకు పెట్టిన జరిమానా 10 నుంచి 50 రూపాయలు మాత్రమే. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టును, ఎడ్ల బండి పందేలను నిషేధించింది. తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర తమ చట్టాలు సవరించుకున్నాక 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం ఆ సవరణలను సమర్థించింది. కోర్టు మాట పక్కన పెట్టినా, నెత్తురు చిందేలా పొడిచి లాగించిన 10 అడుగులు బండ బరువు తగ్గించి లాగించిన 10 అడుగుల కన్నా పెద్ద మోసం. దానికి జత మొత్తాన్నీ పోటీ నుంచి తప్పించాలి.

జాతర కమిటీ పెద్దలకు ఒక మనవి. బండను వేబ్రిడ్జి మీద తూయించి ఆ చీటీని, బాట పొడవును, గీత నియమాన్ని, ప్రతి గిత్త పళ్ల లెక్కను మొదటి జత దిగకముందే పెద్ద బోర్డు మీద రాయించండి. గడియారాలు రెండు పెట్టి, ఒకటి పోటీదారుల తరఫు మనిషి చేతికి ఇవ్వండి. చూడటానికి వెళ్లే మీరు కూడా బహుమతి ఎంతని అడిగేముందు బండ బరువెంతని అడగండి.