అభిమాన చిత్రాలకు వర్చువల్ గ్యాలరీ: ఏది వాస్తవికత?

వాస్తవికత అంటే వస్తువుకు నకలు తీయడం కాదని మన విమర్శ ఏనాడో తేల్చుకుంది. వర్ణన వేరు, కథనం వేరు అని లూకాచ్ 1936లో చేసిన వాదం మనకు తెలిసిందే. వివరాలెన్ని పోగుచేసినా వాటి వెనకనున్న మానవ సంబంధాలు కనిపించకపోతే ఆ రచన వాస్తవిక రచన కాజాలదు. ఈ చర్చను ఇవాళ కంప్యూటర్ తెరమీద కట్టే వర్చువల్ గ్యాలరీకి, అందులోనూ అభిమాన చిత్రాల గ్యాలరీకి, వర్తింపజేసి చూడడం అవసరం.

నవలలోనో, సినిమాలోనో, బొమ్మల కథలోనో తనకు నచ్చిన పాత్రను పాఠకుడో ప్రేక్షకుడో తన చేత్తో మళ్ళీ గీస్తే అది అభిమాన చిత్రం. దీన్ని పిల్లచేష్టగా కొట్టిపారేయడానికి వీల్లేదు. సైన్స్ ఫిక్షన్ రంగంలోని హ్యూగో పురస్కారాల్లో అభిమాన చిత్రకారులకు 1967 నుంచి ప్రత్యేక విభాగం ఉంది. టోక్యోలో 1975లో మొదలైన కామిక్ మార్కెట్‌లో అభిమానులు సొంతంగా అచ్చు వేసుకున్న పుస్తకాలను బల్లలమీద పరచి, వచ్చినవారితో ముచ్చటిస్తూ అమ్ముకుంటారు. ఈ కళ పెరిగింది అలాంటి బల్లల దగ్గర, అలాంటి జనం మధ్య.

వర్చువల్ గ్యాలరీ కట్టేవారు మాత్రం సాధారణంగా మ్యూజియాన్నే నమూనాగా తీసుకుంటారు. పాలరాతి నేల, తెల్లగోడ, బంగారు చట్రం, నిశ్శబ్దం. తెల్లగోడ తటస్థమైనది కాదనీ, కళను దాని పరిసరాలనుంచి వేరుచేస్తుందనీ బ్రయన్ ఓడొహర్టీ 1976లోనే విశ్లేషించాడు. ఆ గోడను తెరమీద ఎంత నునుపుగా చూపించినా అది మ్యూజియం వాస్తవికతే అవుతుంది. అభిమాన చిత్రానికి దానితో సంబంధం లేదు.

మరి పద్ధతి ఏమిటి? మొదటిది కొలత. బ్లెండర్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మీటర్ల లెక్కన గది కట్టవచ్చు. చిత్రం మధ్యభాగం నేలకు సుమారు 150 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే నిలబడ్డ మనిషి చూపుకు అందుతుంది. 21 సెంటీమీటర్ల వెడల్పున్న నోటుపుస్తకం కాగితం మీది బొమ్మను గోడంత పెంచితే చూపరిని మోసగించినట్టే. చిన్న బొమ్మను బల్లమీద పెట్టాలి, చూపరి వంగి చూడాలి.

రెండవది వెలుతురు. గోడలమీద పడే వెలుగునీడలను ముందే లెక్కగట్టి, బొమ్మలా అతికించే పద్ధతి ఉంది. దానివల్ల సామాన్యుడి ఫోనులో కూడా గ్యాలరీ తెరుచుకుంటుంది. ఖరీదైన యంత్రం ఉన్నవాడికే తెరుచుకునే గది ప్రజల గది కాదు. అయితే గది వెలుతురు బొమ్మ రంగులను మార్చకూడదు. తెరమీదే పుట్టిన బొమ్మకు కాన్వాసు గరుకు అద్దడం అబద్ధం.

మూడవది, అన్నిటికన్నా ముఖ్యమైనది, బొమ్మ కింది చీటీ. మూలకథ ఏది, దాని సృష్టికర్త ఎవరు, ఈ బొమ్మ గీసినదెవరు, ఎప్పుడు, దేనితో గీశారు, మూలంనుంచి ఎక్కడ పక్కకు జరిగారు అన్నవి అందులో ఉండాలి. మన చేర్యాల పటం కథకుడి పక్కన ఉన్నప్పుడే పూర్తిగా మాట్లాడుతుంది. కథ తెంచి గాజు వెనక పెడితే రంగులే మిగులుతాయి. అభిమాన చిత్రానికీ అంతే. పాత్రమీద హక్కు ఏ కంపెనీదైనా కావచ్చు, గీసిన శ్రమ మాత్రం ఆ చేతిది. ఆ పేరు లేకుండా, ఆ మనిషి అనుమతి లేకుండా ఒక్క బొమ్మను కూడా తగిలించకూడదు.

గోడ ఎవరిదన్న ప్రశ్న కూడా ఉంది. మొజిల్లా సంస్థ 2018లో ప్రారంభించిన హబ్స్ అనే వర్చువల్ గదుల సేవను 2024లో ఆపివేసింది. మూలసంకేతం బహిరంగంగా ఉండడంవల్ల ఆ పనిని ఇతరులు కొనసాగించగలిగారు. ఇందులో పాఠం స్పష్టం. గ్యాలరీ నకలు నిర్మాతల చేతిలో, బొమ్మల అసలు ప్రతులు చిత్రకారుల చేతిలో ఉండాలి.

గోడమీద నీడ సరిగా పడిందా అన్నది సాంకేతిక నిపుణుడి ప్రశ్న. గీసిన మనిషి, అతణ్ణి కదిలించిన కథ, చూడవచ్చిన జనం ఆ గదిలో ఒకరికొకరు కనిపిస్తున్నారా అన్నది విమర్శకుడి ప్రశ్న. మొదటిదానికి జవాబు దొరికినంత మాత్రాన రెండవదానికి దొరికినట్టు కాదు.