మందు దొరికే చోటే వైద్యమూ దొరకాలి

హైదరాబాద్‌లోని ఉస్మాన్‌గంజ్‌లో కల్లుకీ సారాకీ దారి అందరికీ తెలుసు. తాగుడు మానాలనుకున్న రోజున ఎటు వెళ్లాలో మాత్రం చాలామందికి తెలియదు. ఆ దారిని దగ్గర చేయడం మన చేతుల్లోనే ఉంది.

ఉస్మాన్‌గంజ్‌లో పొద్దు బస్తాతో మొదలవుతుంది. పప్పులు, బెల్లం, మసాలా దినుసులు తెచ్చిన లారీ దగ్గర హమాలీ ఇనుప కొక్కెం గుచ్చి, ఒక్క కుదుపుతో బస్తాను వీపు మీదికి తీసుకుంటాడు. ఆ కుదుపుకు చెయ్యి నిలవాలి. ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషికి రాత్రి తాగింది దిగిపోయేసరికి తెల్లారి ఆ చెయ్యే వణుకుతుంది. టీ గ్లాసు పట్టుకుంటే సగం నేలపాలవుతుంది. ఒక గుక్క పడితే వణుకు ఆగుతుంది, కొక్కెం పట్టు దొరుకుతుంది. పక్కవాళ్లు దీన్ని అలవాటంటారు, ఇంట్లోవాళ్లు ఖర్మ అంటారు. వైద్యులు మాత్రం జబ్బంటారు. దానికి పరీక్ష ఉంది, మందు ఉంది, కోలుకునే దారి ఉంది. ఆ దారి మనిషి బతికే చోటు నుంచే మొదలుకావాలి. గుండె జబ్బుకు ఒక్కసారి పెద్దాసుపత్రికి వెళ్లి ఆపరేషన్ చేయించుకు రావచ్చు. వ్యసనానికి అలా కుదరదు. ఇక్కడ ఆసుపత్రి దగ్గరగా ఉండడం సౌకర్యం కిందికి రాదు, చికిత్సలో అదొక భాగం.

ముందు లెక్కలు చూద్దాం. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పదిహేనేళ్లు దాటిన మగవాళ్లలో 43.3 శాతం మంది మద్యం తాగుతున్నారు. దేశం మొత్తమ్మీద అది 18.8 శాతమే. ఆడవాళ్లలో ఇక్కడ 6.7 శాతం, దేశంలో 1.3 శాతం. రాష్ట్రంలో 2,620 మద్యం దుకాణాలున్నాయి. 2023లో వాటి లైసెన్సుల లాటరీకి లక్షా 30 వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఒక్కో దరఖాస్తుకు తిరిగివ్వని రుసుము అప్పట్లో 2 లక్షల రూపాయలు. అలా ఒక్క సీసా అమ్మకముందే ఖజానాకు 2,600 కోట్లకు పైగా చేరింది. అమ్మకం ఇంత పకడ్బందీగా ఉంటే వైద్యం ఎలా ఉంది? కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ చేసిన సర్వే 2019లో వెలువడింది. మద్యం సమస్యలకు సాయం అవసరమైనవాళ్లు దేశంలో 5.7 కోట్ల మంది ఉన్నారని అది తేల్చింది. మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరే ఏదో ఒక చికిత్స అందిందని చెప్పారు. ఆసుపత్రిలో చేరి వైద్యం పొందినవాళ్లు 180 మందిలో ఒక్కరు. మిగిలినవాళ్లంతా వైద్యం వద్దన్నవాళ్లని అనుకోవడానికి లేదు. అడగాలని తెలియనివాళ్లూ, అడిగినా దారి దొరకనివాళ్లూ వాళ్లలో ఉన్నారు.

మొదటి మూడు రోజులు

'రేపట్నుంచి ముట్టను' అని ఒట్టు పెట్టుకుని ఇంట్లో పడుకోవడం మనకు వీరత్వంగా కనిపిస్తుంది. బాగా ముదిరిన తాగుడులో అది ప్రాణాంతకం కావచ్చు. చివరిసారి తాగిన ఆరు నుంచి పన్నెండు గంటల్లో వణుకు, చెమటలు, గుండెదడ మొదలవుతాయి. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి సంధి పుట్టినట్టవుతుంది. లేనివాళ్లు కనిపిస్తారు, వేళాపాళా తెలియదు, ఒళ్లు కాలిపోతుంది. వైద్యం అందకపోతే మనిషి చనిపోవచ్చు. దీనికి ఆసుపత్రుల్లో చేసేది ఏళ్లుగా స్థిరపడిన వైద్యమే. మెదడు ఉద్రేకాన్ని తగ్గించే మాత్రలను రోజురోజుకూ తగ్గించుకుంటూ ఇస్తారు. తాగుడుతో ఒంట్లో హరించుకుపోయిన థయమిన్, అంటే బి1 విటమిన్‌ను ఇంజెక్షన్‌గా ఇస్తారు. ఆ విటమిన్ ఇవ్వకుండా గ్లూకోజు సీసా ఒక్కటే ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ముప్పుంది. సందు చివరి క్లినిక్‌లో 'నీరసంగా ఉంది, ఓ సీసా పెట్టండి' అని అడిగే ముందు, రోజూ తాగే సంగతిని డాక్టరు దగ్గర దాచకూడదనేది ఇందుకే.

హఠాత్తుగా మానకూడదన్న ఈ పాఠం తెలంగాణలో ఇంకా లోతైనది. ఇక్కడ కల్లంటే చాలాచోట్ల ఒట్టి కల్లు కాదు. అల్ప్రజోలం, డయజిపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలిపింది. హైదరాబాద్‌లో 2004లో మూతపడ్డ కల్లు దుకాణాలు 2014లో మళ్లీ తెరుచుకున్నాయి. 2015 సెప్టెంబరులో రాష్ట్రంలో కల్తీ కల్లుపై దాడులు జరిగి సరఫరా తగ్గేసరికి నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల ఆసుపత్రులకు జనం ఫిట్స్‌తో, పిచ్చిచూపులతో వచ్చిపడ్డారు. వాళ్లను పడగొట్టింది ఉన్నట్టుండి కల్లు దొరకకపోవడం. పదేళ్లకు, 2025 జులైలో, కూకట్‌పల్లి వైపు కల్లు కాంపౌండ్లలో తాగినవాళ్లు పదులమంది నిమ్స్ వంటి ఆసుపత్రుల పాలయ్యారు, కొందరు చనిపోయారు. ఈసారి పడగొట్టింది తాగిన కల్లే. ఆ నమూనాల్లోనూ అల్ప్రజోలం బయటపడింది. తాగితే ఒక ప్రమాదం, హఠాత్తుగా ఆపితే ఇంకో ప్రమాదం. రెంటి నడుమా డాక్టరు ఉండాలి. ఫిట్సు వచ్చిన మనిషికి ఆ డాక్టరు ఆటోలో పది నిమిషాల్లో అందాలి.

కూలి, మనసు, నెలలు

దగ్గరలో వైద్యం కావాలనడానికి ఇంకా మూడు కారణాలున్నాయి. మొదటిది మనసు. మానాలన్న కోరిక తాగే మనిషిలో నిలకడగా ఉండదు. ఒక గొడవ తర్వాతో, బిడ్డ మాట విన్నాకో, రక్తం కక్కుకున్న రాత్రో అది తలెత్తుతుంది, మర్నాటికి సద్దుమణుగుతుంది. ఆ ఒక్క పూటలో తలుపు తట్టే వీలుండాలి. రెండోది కూలి. బస్తాకింత అని లెక్కకట్టుకునే మనిషికి ఒక రోజు పోతే ఆ రోజు పొయ్యి వెలగదు. నెలరోజులు ఊరవతల ఉండమంటే ఆ ఇల్లు అప్పులో పడుతుంది. మూడోది కాలం. వ్యసనం బీపీ, షుగరుల్లా దీర్ఘకాలిక జబ్బు. ఒంట్లో విషం దిగడానికి వారం పది రోజులు చాలు. మళ్లీ తాగకుండా నిలబడడానికి నెలలూ ఏళ్లూ పడుతుంది. కోరికను తగ్గించే నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ వంటి మాత్రలు ఎన్నాళ్లు వాడాలో, మధ్యలో జారిపడితే ఏం చెయ్యాలో చెప్పడానికి అదే డాక్టరు, అదే కౌన్సెలరు పదిసార్లు కనిపించాలి. దూరపు ఆసుపత్రికి పదిసార్లు వెళ్లగలిగిన హమాలీ ఎవరు?

దగ్గరి వైద్యం ఫలిస్తుందన్నది ఊహ కాదనడానికి ఆధారాలున్నాయి. గోవాలో సంగత్ సంస్థ పరిశోధకులు చేసిన అధ్యయనం 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. మామూలు జబ్బులకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చినవాళ్లలో హానికరంగా తాగే 377 మంది మగవాళ్లను అందులో తీసుకున్నారు. కొందరికి ఎప్పటి వైద్యమే అందింది. మిగిలినవాళ్లతో అదనంగా, వైద్య పట్టాలు లేకున్నా శిక్షణ పొందిన స్థానికులు మహా అయితే నాలుగు విడతలు మాట్లాడారు. మూడు నెలలకు సమస్య నుంచి బయటపడినవాళ్లు మొదటి గుంపులో 26 శాతం, రెండో గుంపులో 36 శాతం. వీళ్లు ఇంకా పూర్తిగా బానిసలు కాని దశలోనివాళ్లు. అంటే ఊళ్లోనే, ముందే పట్టుకుంటే మాటతోనే కొంత మేలు జరుగుతుందన్నమాట. ముదిరిన కేసులకూ దగ్గరి వైద్యం పనికొస్తుందని తమిళనాడు చూపింది. శాంతి రంగనాథన్ 1980లో చెన్నైలో స్థాపించిన టీటీ రంగనాథన్ ఫౌండేషన్, నగరంలో ఆసుపత్రి నడుపుతూనే 1989 నుంచి మంజక్కుడి అనే పల్లెకు తానే వెళ్లి చికిత్సా శిబిరాలు పెట్టింది. రోగి ఆసుపత్రికి రాలేడని తెలిశాక ఆసుపత్రే ఊరికి నడిచింది.

ఇక్కణ్నుంచి ఎటు వెళ్లాలి

ఉస్మాన్‌గంజ్ మనిషికి ఈరోజు ఉన్న దారులు ఇవి. ఫిట్స్, మతి చలించడం, రక్తపు వాంతులు కనిపిస్తే ఆలోచించకుండా అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకెళ్లాలి. అది కూతవేటు దూరం. వ్యసనానికి పూర్తి వైద్యం కావాలంటే ఎర్రగడ్డ మానసిక వైద్యాలయం ఉంది. 'పిచ్చాసుపత్రి' అన్న పాత పేరు వినగానే కాళ్లు వెనక్కి పడతాయి కానీ, నగరంలో పేదవాడికి ఈ వైద్యం అందించే ప్రధాన ప్రభుత్వ సంస్థ అదే. నాంపల్లిలో మియాపూర్ మెట్రో ఎక్కితే రైలు మారే పని లేకుండా ఎర్రగడ్డలో దిగవచ్చు. 14446కు ఫోన్ చేస్తే కేంద్ర ప్రభుత్వ సాయంతో నడిచే దగ్గరి చికిత్సా కేంద్రం వివరాలు చెబుతారు, 14416 టెలిమానస్‌లో తెలుగులోనే కౌన్సెలరుతో మాట్లాడవచ్చు. రెండింటికీ పైసా ఖర్చు లేదు. 1935లో అమెరికాలో పుట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలు మన నగరంలోనూ జరుగుతున్నాయి. అక్కడ ఫీజు అడగరు, ఇంటిపేరు అడగరు. తాగుడు కాక గంజాయి అలవాటైతే, దాన్ని మాన్పించే ప్రత్యేకమైన మాత్ర లేదు, కౌన్సెలింగే దారి. నల్లమందు జాతి మత్తుమందులకు మాత్రం బుప్రెనార్ఫిన్ వంటి మంచి మందులున్నాయి. కేసు పెడతారేమోనని వెనకాడేవాళ్లు తెలుసుకోవాల్సింది ఒకటుంది. మత్తుమందు వాడినందుకో, కొద్ది మోతాదు దగ్గర ఉన్నందుకో కేసు ఎదుర్కొంటున్న వ్యసనపరుడు తనంత తానుగా గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్సకు వస్తే, పూర్తిగా చేయించుకుంటే, 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం 64ఎ సెక్షను ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది.

రెండు హెచ్చరికలు. గోడల మీద, ఫోన్లలో 'వారికి తెలియకుండా తాగుడు మాన్పిస్తాం' అనే ప్రకటనలు కనబడుతుంటాయి. అలా కూరలో నలిపి కలిపే పొడుల్లో డైసల్ఫిరామ్ ఉండే అవకాశముంది. ఆ మాత్ర ఒంట్లో ఉండగా మద్యం తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు పర్యవేక్షణలో, రోగికి చెప్పి, అతని ఇష్టంతో ఇస్తే అది మందు. దొంగచాటుగా పెడితే విషంతో సమానం. రెండో హెచ్చరిక ప్రైవేటు కేంద్రాల గురించి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం తాగుడు, మత్తుమందుల వల్ల కలిగే మానసిక స్థితులను కూడా తన పరిధిలోకి తెచ్చింది. ఆ చట్టం ప్రకారం ఇలాంటి రోగులకు వైద్యం చేసే సంస్థకు రిజిస్ట్రేషన్ ఉండాలి. రోగిని గొలుసుతో కట్టడం నేరం. అతని సమ్మతి లేకుండా చేర్చుకోవాలంటే ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించి ఒప్పుకోవాలి, మొదటి విడత ముప్పై రోజులకు మించకూడదు. డబ్బు కట్టే ముందు రిజిస్ట్రేషన్ పత్రం చూపించమనండి, సైకియాట్రిస్టు రోజూ వస్తారా అని అడగండి, ఇంటివాళ్లను కలవనిస్తారా అని అడగండి. జవాబు చెప్పడానికి ఇష్టపడని చోట మనిషిని వదిలి రావద్దు.

కాదనేవాళ్లకు

'దుకాణం పక్కనే వైద్యమంటే మళ్లీ తాగడా? దూరంగా పెడితేనే మారతాడు' అని చాలామంది వాదిస్తారు. ఇందులో కొంత నిజముంది. తోడు తాగేవాళ్ల నుంచి కొన్నాళ్లు దూరం కావడం కొందరికి మేలు చేస్తుంది, ముదిరిన కేసులకు ఆసుపత్రి పడక తప్పదు. కానీ ముప్పై రోజుల తర్వాత ఆ మనిషి వచ్చేది ఈ సందుకే, ఎత్తేది ఈ బస్తాలే, కలిసేది ఈ స్నేహితులనే. ఆ వాసన మధ్య, ఆ పిలుపు మధ్య వద్దనడం నేర్చుకోవాల్సింది ఇక్కడే. దూరంలో పడక అవసరమైనా సరే, దాని వెనక దగ్గరలో ఓపీ లేకపోతే పెట్టిన ఖర్చు నీళ్లపాలు. 'గట్టిగా అనుకుంటే మానలేడా' అనేది ఇంకో మాట. అనుకోవడం అవసరమే. అయితే రోజూ పోసిన మద్యానికి మెదడు తన పనితీరునే మార్చుకున్నాక, వణుకూ ఫిట్సూ సంకల్పం మాట వినవు. షుగరు రోగిని తిండి మీద అదుపు పెట్టుకోమంటాం, ఇన్సులిన్ కూడా ఇస్తాం. అదే న్యాయం తాగే మనిషికీ వర్తించాలి.

'ముందు దుకాణాలు మూయించండి' అనే వాదన అన్నిటికన్నా బరువైనది. ఆ మాటకు తెలుగు నేల మీద గొప్ప చరిత్ర ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోసమ్మ, ఆమె తోటి ఆడవాళ్లు సారా దుకాణాన్ని మూయించారు. ఆ పోరాటం అప్పటి ఉమ్మడి రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధాన్ని, 1995లో సంపూర్ణ మద్యనిషేధాన్ని తెచ్చింది. రెండేళ్లు తిరిగేసరికి నిషేధం సడలిపోయింది. ఆడవాళ్లు గెలిచిన ఆ కొద్దికాలంలో దుకాణాలు మూతపడ్డాయి కానీ, వాటి సంఖ్యకు తగ్గట్టు చికిత్సా కేంద్రాలు తెరుచుకోలేదు. అందుకే షట్టర్ మళ్లీ లేచేసరికి పాత గిరాకీ అక్కడే నిలబడి ఉంది. మన పక్కనున్న ధూల్‌పేటలో గుడుంబాపై, తర్వాత గంజాయిపై ఎక్సైజ్ శాఖ ఏళ్లుగా దాడులు చేస్తోంది, అవి అవసరమే. అమ్మేవాణ్ని పట్టుకున్న రోజు కొనేవాడి చెయ్యి వణకడం మాత్రం ఆగదు. సరఫరాను తగ్గించడం, రోగికి వైద్యం ఇవ్వడం ఒకే పనికి రెండు చేతులు.

ఇప్పుడు ఈ ప్రాంతానికి ఒక అవకాశం వచ్చింది. ఉస్మాన్‌గంజ్‌ను ఆనుకునే ఉన్న గోషామహల్‌లో కొత్త ఉస్మానియా ఆసుపత్రికి 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగింది. అందులో వ్యసన చికిత్సకు ప్రత్యేక విభాగం, పని ముగించుకుని వచ్చేవాళ్ల కోసం సాయంత్రపు ఓపీ ఉండేలా ఇప్పుడే అడగాలి. గోడలు లేచాక అడిగితే చోటు లేదంటారు. అది కట్టేలోపు ఊరుకోనక్కర్లేదు. 2018 నుంచి నగరంలో నడుస్తున్న బస్తీ దవాఖానాల్లో బీపీ చూసినట్టే 'రోజూ ఎంత తాగుతావు' అని అడిగే పద్ధతి పెట్టవచ్చు, గోవాలో చేసినట్టు స్థానికులకే శిక్షణ ఇవ్వవచ్చు. లైసెన్సు దరఖాస్తుల మీద వచ్చిన సొమ్ములో చిన్న వాటా చాలు. గంజ్‌లోని సేఠ్‌లూ, హమాలీ సంఘాలూ చికిత్సలో ఉన్న మనిషి పని పోదని మాటివ్వవచ్చు, వారానికో పూట సెలవివ్వవచ్చు. పొద్దున ఆరింటికి కొక్కెం పట్టలేక వణికిన చెయ్యి, అదే రోజు సాయంత్రం ఆరింటికి ఓపీ చీటీ పట్టుకుని డాక్టరు ముందు కూర్చోగలగాలి. ఆ పన్నెండు గంటల్లో ఇంకో గుక్క అవసరం రానంత దగ్గరగా ఆ తలుపు ఉండాలి.