వేసవి మేత: వెలయు, గుణమును



మన కొండవీటి సీమలో పశువులకు గడ్డుకాలము ఫాల్గుణము మొదలు తొలకరి వరకు గల నాలుగు నెలలు. అప్పుడు కొండదిగువ బీళ్లు ఎండిపోవును. చొప్పయు వరిగడ్డియు తప్ప వేరు ఆధారముండదు. 1832–33లో నందననామ సంవత్సరపు గుంటూరు కరువున మనుష్యులతోపాటు పశువులును విశేషముగా నశించినవి. అట్టి కరువు లేని సంవత్సరములందు సైతము మేత చాలనివాడు ఎద్దులను చౌకగా అమ్మి, తొలకరికి అప్పుచేసి మరల కొనవలసివచ్చును.

ఎంత వలయును? 400 కిలోల బరువుగల ఎద్దునకు దినమునకు సుమారు 10 కిలోల ఎండుమేత పట్టును. 120 దినములకు 12 క్వింటాళ్లు. జతకు 24 క్వింటాళ్లు.

వెల కట్టుట యెట్లు? బండి లెక్కను కొనుట నష్టము. తూకము వేయించి కొనవలెను. తడిసిన గడ్డి నూరు కిలోలలో నీరే 25 కిలోలుండవచ్చును. మరియు పశువు తిన్నదే మేత, తొక్కినది పెంట. ఉదాహరణకు క్వింటాలు చొప్ప 500 రూపాయలనుకొనుడు. నిలువుగా వేసినచో 30 కిలోల మొదళ్లు వృథాయైన యెడల, తిన్న మేత కిలో 7 రూపాయలకు పైగా పడును. 40 రూపాయల కూలితో ముక్కలు చేయించగా వృథా 10 కిలోలే యైనచో కిలో 6 రూపాయలకే దిగును.

గుణము: సాగరు కుడికాలువకు 1967లో నీరు వచ్చిన పిదప వరిగడ్డి దొరకుట సులభమయ్యెను. కాని దానియందు మాంసకృత్తులు నూటికి 3, 4 పాళ్లే. వేరుశనగ కట్టె, కంది, మినుము, పెసర పొట్టు ఇంతకంటె బలమైనవి. వీనిని కల్లమున పారవేయక పాడియావులకును అరకయెద్దులకును కలిపి పెట్టవలెను. మంచి చొప్పకు ఆకు నిలిచియుండును, పచ్చచాయ కొంత మిగిలియుండును. బూజువాసన గలదానిని ఎంత చౌకయైనను కొనరాదు. బూజుపట్టిన వరిగడ్డి వలన గేదెలకు కాళ్లు, తోక, చెవికొనలు కుళ్లు వ్యాధి కలుగును. వానలేక వాడిన లేతజొన్నయు, కోసినపిదప చిగిర్చిన పిలకలును విషకరములు. పశువులను అందు విడువరాదు.

నిలువ: మెరకనేలపై దుంగలు పరచి వామి వేయవలెను. బాగుగ ఎండనిదే వామి కెక్కింపరాదు. నీరు జారునట్లు పైభాగము వాలుగా కప్పవలెను.

వరిగడ్డికి బలము చేకూర్చుట: 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీటిలో కరగించి, నూరు కిలోల గడ్డిపై పొరలు పొరలుగా చల్లి, త్రొక్కి, గాలి చొరకుండ పట్టాతో 21 దినములు కప్పియుంచవలెను. ఇందువలన మాంసకృత్తులు దాదాపు రెట్టింపగును. పెట్టుటకు ముందు కొంతసేపు ఆరబెట్టి, కొద్దికొద్దిగా అలవాటు చేయవలెను. ఆరునెలలలోపు దూడలకు పెట్టరాదు. యూరియా కలిపిన నీరు పశువు త్రాగినచో ప్రాణాపాయము. కావున ఆ తొట్టిని దూరముగా నుంచవలెను.

కావున ప్రతి రైతును పుష్యమాసములోనే తన పశువులను, వామిని లెక్కచూచుకొని, చాలనిదానిని కోతలనాడే కొనియుంచవలెను. చైత్రమున కొనువాడు వెల నిర్ణయింపజాలడు. అమ్మువాడు చెప్పినదే వెల.