రేడియోకు చందా

పత్రికకు చందా కడతాం, సినిమాకు టిక్కెట్టు కొంటాం. కాని రేడియోకు డబ్బివ్వమని ఎవరైనా గుమ్మంలోకి వస్తే వింతగా చూస్తాం. ఆ చూపులు ఎలా వుంటాయో నాకు బాగా తెలుసు. నల్లగొండలో సామాజిక రేడియో పెట్టాలని తలపెట్టిన మా మిత్రులు, తెలుగు లెక్చరరు గనుక నాలుగు మాటలు చెప్పగలడనుకున్నారు కాబోలు, రసీదు పుస్తకం నా చేతిలో పెట్టారు.

"రేడియోకు గూడ చందానా సార్? వినాయకుడికి ఇచ్చినం, బతుకమ్మకు ఇచ్చినం. రేడియో సర్కారు నడుపుతది గద!" అన్నాడు ప్రకాశం బజారులో ఒక కిరాణా సేటు.

ఆయన తప్పేమీ లేదు. 1980ల దాకా రేడియో పెట్టె వున్నవారు ఏటా తపాలా కచేరీలో లైసెన్సు రుసుము కట్టేవారు. అది పోయాక రేడియో వూరికే వచ్చే గాలిలాంటిదైపోయింది. ఆకాశం సర్కారుదన్న నమ్మకం సరేసరి. ఆ నమ్మకాన్ని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలో కొట్టివేసింది; గాలితరంగాలు ప్రజల ఆస్తి అన్నది. అయినా వూళ్లలో పనిచేసే సంఘాలకు దారి తెరవటానికి ప్రభుత్వానికి 2006 దాకా పట్టింది.

జహీరాబాదు దగ్గర మాచ్నూరులో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు అంతకు ముందే, యునెస్కో సాయంతో స్టూడియో సమకూర్చుకున్నారు. అనుమతి లేదాయె! చేసిన కార్యక్రమాలను క్యాసెట్లకెక్కించి సంఘం సమావేశాలలో వినిపించేవారు. చివరకు 2008 అక్టోబరు 15న సంఘం రేడియో గాలిలోకి వచ్చింది. ప్రారంభించినవారెవరు? 1995 తీర్పు ఇచ్చిన జస్టిస్ పి.బి. సావంత్. నడిపినవారు నర్సమ్మ అనే పేరుగల ఇద్దరు దళిత యువతులు.

అసలు చిక్కు డబ్బు దగ్గరే. మెషీనుకు దాతలు దొరుకుతారు, పేరు చెక్కిన పలక బిగించవచ్చు గదా! కరెంటు బిల్లు మీద పలక బిగించటం ఎలా? వ్యాపార ప్రకటనలు మొదట గంటకు 5 నిమిషాలే అనుమతించారు. 2024లో 12 చేశారు. సర్కారు ప్రకటనకు 10 సెకన్లకు 52 రూపాయలుండే రేటు అప్పుడే 74 అయింది. ప్రకటనలంటూ వస్తే మంచిదే. రాని నెలలో చందాలే గతి.

ఆ చందాల తిరుగుడులోనే ఒక నీళ్ల ప్లాంటు యజమాని తటస్థపడ్డారు. కుర్చీ వేయించి, చాయ్ తెప్పించి, రెండు లక్షలు ఒక్కచేత్తో ఇస్తానన్నారు. నాకు నోట మాట రాలేదు.

"ఒక్కటే ముచ్చట సార్. బోరు నీళ్లల్ల ఫ్లోరైడు గురించి ఎంతన్న చెప్పుండ్రి. నల్లాకొచ్చే కృష్ణ నీళ్లు మంచిగున్నయని మాత్రం చెప్పకుండ్రి."

మరునాడు మర్రిగూడెం వైపు వెళ్లాం. ఫ్లోరైడుతో ఎముకలు వంగిన మనుషులున్న సీమ అది. ఒక ముసలమ్మ కొంగుముడి విప్పి 20 రూపాయలు తీసింది. రసీదు రాస్తుంటే అడిగింది: "నల్లా నీళ్లు మంచియా కావా? గదొక్కటి చెప్పుండ్రి సారూ. రోజు క్యాన్ కొనాలంటే యాడికెల్లి తేవాలె?"

ఆ రాత్రి కమిటీలో పెద్ద రభస జరిగింది. రెండు లక్షలంటే ఇద్దరు పిల్లల జీతం గడిచిపోతుంది, షరతు సంగతి తరవాత చూసుకోవచ్చునన్నారు కొందరు. తరవాత చూసుకోవటం ఎన్నడూ జరగదని నా అభిప్రాయం. జీతాలు ఆ డబ్బుకు అలవాటుపడ్డాక నోరు తనంతట తానే మూతపడుతుంది. ఈ వూరినుంచే 1922లో షబ్నవీసు వెంకటరామనరసింహారావుగారు నిజాం రాజ్యంలో వుంటూ 'నీలగిరి' పత్రిక నడిపారు. పాలమూరు జిల్లావారైన సురవరం ప్రతాపరెడ్డిగారు 1926లో హైదరాబాదులో 'గోలకొండ' మొదలుపెట్టారు. చందాదారు లేనిదే ఏ పత్రికా బతకదు గాని, ఏ ఒక్క చందాదారూ పత్రికకు యజమాని కాడు. ఈ మాటలే చెప్పి, ఒక్కరి దగ్గర వెయ్యి రూపాయలకు మించి పుచ్చుకోరాదని తీర్మానం పెట్టాను.

అయిదు వోట్లకు నాలుగుతో నెగ్గింది. ఓడిన నలుగురిలో ఇద్దరు మర్నాడే రసీదు పుస్తకాలు పట్టుకుని మిర్యాలగూడ బస్సెక్కారు. ఇప్పటికి మూడు పుస్తకాలు నిండాయి. నీళ్లు పరీక్ష చేయించటానికి ఎంతవుతుందో కనుక్కుంటున్నాం.