మబ్బు పట్టే ఖనిజం

ఇటలీలోని వెసూవియస్ అగ్నిపర్వతపు రాళ్లలో గాజులాంటి చిన్న చిన్న స్ఫటికాలు కనిపిస్తాయి. చూడగానే పలుగురాయి అనుకుంటాం. కాని అవి నెఫెలిన్ కావచ్చు! మరి గుర్తుపట్టడం ఎలా?

పలుగురాయి కాఠిన్యం 7. నెఫెలిన్‌ది సుమారు 6. కనుక పలుగురాయితో గీస్తే నెఫెలిన్‌పై గీత పడుతుంది. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో పలుగురాయి చెక్కుచెదరదు. నెఫెలిన్ మబ్బు పట్టినట్లు మసకబారుతుంది. అందుకే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రెనే అయూయి, ‘మబ్బు’ అని అర్థమిచ్చే గ్రీకు మాటతో దానికి ఆ పేరు పెట్టాడు. ఈ పరీక్ష ఉపాధ్యాయుల సమక్షంలోనే చేయాలి సుమా!

సోడియం ఎక్కువై, సిలికా చాలని లావాలో నెఫెలిన్ ఏర్పడుతుంది. సిలికా మిగిలివుంటే, దానితో కలిసి ఫెల్‌స్పార్‌గా మారిపోతుంది. పలుగురాయి అంటే మిగిలిన సిలికాయే కదా! అందుచేత ఒకే లావాలో ఈ రెండూ కలిసి పుట్టవు.