తలసరి నిధి, బోధనాకాలం: రాయవరం మండల ప్రాథమిక పాఠశాలల సందర్భం

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన కోనసీమ జిల్లాలో రాయవరం మండలాన్ని చేర్చారు. ఇటువంటి గ్రామీణ మండలంలో పాఠశాల నిధులకూ అభ్యసన స్థాయికీ గల సంబంధాన్ని తలసరి లెక్కతో కొలిస్తే పొరపాటు జరుగుతుంది. సమగ్ర శిక్ష కాంపోజిట్ గ్రాంటు విద్యార్థుల నమోదును అనుసరిస్తుంది: 30 మంది వరకు ఏటా రూ.10,000, ఆపైన 100 వరకు రూ.25,000. పదిమంది చదివే బడిలో తలకు రూ.1,000, వందమంది ఉన్నచోట రూ.250. చిన్న బడి సంపన్నమైనదన్న భ్రమ ఇక్కడే పుడుతుంది. నిజానికి విద్యుత్ బిల్లు, మరుగుదొడ్ల శుభ్రత పిల్లల సంఖ్యతోపాటు తగ్గేవి కావు. పైగా 31 మందిలో ఒక్కరు టీసీ తీసుకుంటే గ్రాంటు శ్రేణే మారి రూ.15,000 కోత పడుతుంది.

అభ్యసనానికి ఆధారం మాత్రం బోధనాకాలం. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది వరకు ఇద్దరు ఉపాధ్యాయులు. ఆ ఇద్దరే ఐదు తరగతులు నడపాలి. ఒకరు సెలవు పెడితే ఐదూ ఒక్కరివే. 2022 నాటి 117వ నంబరు ఉత్తర్వు కింద 3, 4, 5 తరగతులు సమీప ఉన్నత పాఠశాలలకు తరలిన చోట్ల మిగిలింది రెండు తరగతులే. నమోదుతోపాటు గ్రాంటూ కుంచించుకుపోయే స్థితి వచ్చింది. ఆ ఉత్తర్వును 2025లో రద్దు చేశారు. కాబట్టి ఈ మధ్యకాలపు ఫలితాలను ముందరి ఏళ్లతో నేరుగా పోల్చడానికి వీలులేదు.